రాజమల్లు తీసేసిన మనుషులు

ఆర్మూర్ సినిమా అభిమాన సంఘం కార్యదర్శి రాజమల్లుకు ఒక జబ్బుంది. మనుషుల్ని పనిలోంచి తీసేస్తాడు. జీతమిచ్చేది లేదు, భత్యమిచ్చేది లేదు, అయినా తీసేస్తాడు. "నిన్ను తీసేసిన, పో!" అన్నాడంటే ఎదుటివాడు సంఘంలో లేనట్టే. మళ్లీ తనే, ఏమీ ఎరగనట్టు వచ్చి వాడి చేతికి చీపురిస్తాడు.

అరవై నాలుగులో ఆ సంఘం జిల్లా అభిమానుల మహాసభ తలపెట్టింది. ఆర్మూర్ అనే ఊరొకటుందని వీళ్లు కొలిచే హీరోకు తెలుసో లేదో దేవుడికెరుక! మనవాళ్లు మాత్రం ఆయన ఫొటో మీద చెయ్యి వేసి, సభ అయ్యేదాకా పని విడిచిపోమని ఒట్టు పెట్టుకున్నారు. నెల తిరిగేసరికి బెంచీలు మోసి మోసి, మోర్తాడ్ దాకా సైకిళ్లు తొక్కి పోస్టర్లు అంటించి, హీరో పేరు వింటేనే నీరసం వచ్చే స్థితికి చేరారు. ఒట్టుంది కదా, ఎవడూ కిక్కురుమనడు.

సరిగ్గా అప్పుడే రాజమల్లుకు జబ్బు ముదిరింది. పోస్టర్లు అంటించే లై ఉడికిస్తూ సాయిలు దగ్గాడు.

"హీరో మొఖం మీదనే దగ్గుతవార? తీసేసిన, పో!"

"జరమొచ్చిందన్నా..."

"ఎదురు మాట్లాడకు. పో!"

పసిబిడ్డ ఏడుపుతో నిద్రలేని లింగం నిచ్చెన మీద కునికాడు. వాణ్నీ తీసేశాడు.

ఇక గంగాకిషన్ సంగతి. సభకు ముందురోజే వాళ్లింటికి కడాయి వంతు వచ్చింది. పసుపు ఉడకబెట్టే కడాయి వాడంతటికీ ఒకటే. వంతు తప్పితే తవ్విపోసిన పచ్చి కొమ్ములు కుప్పలోనే మురిగిపోతాయి. ఏడాది కష్టం మట్టిపాలు. భార్య భాగ్యవ్వ ఒక్కతే ఏం సంభాళిస్తుంది? అయినా ఒట్టు తప్పలేక, నోరు విప్పలేక, గంగాకిషన్ పొద్దున్నే వచ్చి పందిట్లో తోరణాలు కడుతున్నాడు.

రాజమల్లు వచ్చి కళ్లు చిట్లించాడు. "ఏందిర గిది? ఆకుల కొసలు కిందికున్నయ్?"

"కొసలు కిందికే ఉంటయ్ గదనే అన్నా."

"నాకే నేర్పుతవా? తీసేసిన, పో!"

నలుగురిలో తల కొట్టేసినట్టయింది గంగాకిషన్‌కు. రుమాలు దులుపుకొని ఇంటికి పోయాడు. కడాయి కింద మంట పెడుతూ కూడా తిట్లు ఆపలేదు.

"నెల దినాలు గొడ్డోలె చేస్తే గిదా నాకు మర్యాద? మల్ల ఆయన మొఖం సూడ!"

భాగ్యవ్వ కట్టెలు ఎగదోస్తూ నవ్వింది. "ఆయనే నిన్న మార్కెట్ల కనబడి, మన వంతెప్పుడని అడిగిండు. రేపే, కని మా ఆయన ఒట్టేసిండని చెప్పిన. 'తీసేసినోనికి ఒట్టేడిదమ్మా' అనుకుంట పోయిండు."

గంగాకిషన్ చేతిలో కట్టె చేతిలోనే ఉండిపోయింది. సాయిలు జ్వరం గుర్తుకొచ్చింది. లింగం బిడ్డ గుర్తుకొచ్చింది.

"రాజమల్లన్నా, నీ కడుపు సల్లగుండ!" అన్నాడు, కట్టెను మంటలోకి తోస్తూ.

మర్నాడు ఉడికిన పసుపు ఎండకు పోసి, సద్దిగిన్నె పట్టుకొని పందిరి దగ్గరికి పరుగెత్తాడు. తీసేసినవాళ్ల పనులన్నీ నెత్తిన వేసుకొని రాజమల్లు ఒక్కడే తిరుగుతున్నాడు. నోట్లో మేకులు, భుజం మీద బెంచీ. ఒక కాలికి చెప్పు లేదు.

మేకులు ఉమ్మేసి గద్దించాడు. "తీసేసినోనివి, మల్లెందుకచ్చినవ్?"

"కొత్తగ చేరుదామని. లింగం గుడ వస్తున్నడు. నువ్వు జర కూసోని తిను అన్నా."

రాజమల్లు బెంచీ దించాడు. "ముందుగాల చేతులు కడుక్కరాపో. కుర్చీలకు పసుపంటితే మల్ల తీసేస్త!"

గంగాకిషన్ చేతులు కడుక్కొని వచ్చేసరికి కార్యదర్శి గారు సద్దిగిన్నె ఒళ్లో పెట్టుకొని కూర్చునే గుర్రుపెడుతున్నారు. సభ మొదలయ్యేదాకా ఎవరూ ఆయన్ని లేపలేదు.