మా నాయిన ఖాకీతో కోటు

మా నాయిన సిటీ బస్సు కండక్టరుగా రిటైరయ్యాక అమ్మ చేసిన మొదటి పని ఆయన ఖాకీ చొక్కాలన్నీ మూట కట్టడం. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె మా వనస్థలిపురం గల్లీలోకి వచ్చింది. గిన్నె ఒక్కటే ఇస్తానంది ఆమె, మూత కూడా కావాలంది అమ్మ. వాళ్ల బేరం తెగేలోపు మూట నేను లాక్కున్నాను. పాత బట్టలు కత్తిరించి కొత్త ఫ్యాషన్లు కుట్టడమే నా పని. ఇంట్లో కర్టెన్లకు కూడా నా దగ్గర భద్రత లేదు.

చొక్కాలు కలిపి నడుము దాకా కోటు కుట్టాను. కోటు చేతులకు అమ్మది చిరిగిపోయిన పోచంపల్లి చీర వేశాను. అబ్బ, ఎంత బాగా వచ్చిందో! నాయిన చూసి మండిపడ్డాడు.

"డ్యూటీ బట్టలతోని ఏషాలేస్తున్నవా?"

అంతే, నాతో మాటలు బంద్. అన్నం దగ్గర నా పక్కనే కూర్చుని, "తొక్కు గిన్నె ఇటు జరపమను దాన్ని" అని అమ్మతో చెప్పించేవాడు. నాకు కోపమూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

చైతన్యపురిలో ఒక బట్టల షాపామె కోటు తొడుక్కుని రా, చూస్తానంది. బస్సెక్కాను. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. ఎల్బీనగర్‌లో తోసుకుంటూ ఎక్కినవాళ్లందరూ ఆ కార్డులు నా ముఖం మీద పెట్టారు.

"నేను కండక్టర్ను కాదమ్మా!"

"మరి గా కోటెందుకు తొడుక్కున్నవ్?" అంది ఒక పెద్దమ్మ. కార్డు మాత్రం దించలేదు.

అసలు కండక్టరమ్మ ఎక్కడో వెనక ఇరుక్కుపోయింది. "చెల్లె, వాళ్లను జర ముందుకు జరుపు!" అని అక్కడి నుంచే నాకు డ్యూటీ వేసింది. "జరగండి, లోపల ఖాళీ ఉంది" అని నేనూ అరిచాను. ఖాళీ ఎక్కడిది, నా బొంద! చైతన్యపురిలో దిగబోతే పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"టికెట్ ఇయ్యకుంట ఏడికి పోతున్నవ్? చెకింగోళ్లొస్తే ఎవలు కడ్తరు?"

దిల్‌సుఖ్‌నగర్ దాకా వదల్లేదు. నడుచుకుంటూ వెనక్కి వచ్చేసరికి షాపుకు తాళం పడింది.

ఇంటికొచ్చి చెబుతుంటే అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నాయిన టీవీ సౌండు తగ్గించాడు.

"అందరు కండక్టరే అనుకున్నరా?" నన్నే అడిగాడు.

"అందరు, నాయినా."

"చేతులు గట్ల రంగురంగులున్నా?"

"ఉన్నా."

నాయిన రిమోటు పక్కన పెట్టాడు. "మొన్న నేనెక్కిన. ఇన్నేండ్లు తిరిగిన బస్సే బిడ్డా. 'తాతా, జర జరుగు' అన్నరు. ఒక్కలు గూడ గుర్తుపట్టలే."

నేను కోటు విప్పి ఆయన పక్కన పెట్టాను.

ఆయన లేచి లుంగీ మీదే నా కోటు తొడుక్కున్నాడు. రంగుల చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి, బొత్తాలు కలవలేదు. అలాగే అద్దం ముందు నిలబడి కాలరు సర్దుకున్నాడు.

"మిగిలిన అంగీలు గూడ కొయ్యి," అన్నాడు. "గని, ఒకటి నా సైజుల కుట్టు."