చెంచా గుంటలో కారం

మా మేనత్త పోయింది. ఆత్మకూరులో పొయ్యి దగ్గర పప్పుకు తాలింపు వేస్తుంటే ఉదయగిరి నుంచి నాయన ఫోన్ చేశాడు. పోయిందన్న మాట ఆయన అనలేదు. "బయల్దేరండమ్మా" అన్నాడు, అంతే. ఎందుకని నేనూ అడగలేదు. ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మిరపకాయలు మాడి ఇల్లంతా ఘాటు కమ్ముకుంది. దగ్గుతున్నానో ఏడుస్తున్నానో ఇంట్లోవాళ్ళకు తెలియలేదు, నాకూ తెలియలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. పదిమందికీ తెలిసేంత పెద్ద మనిషి కాదు. కలిగిరిలో చిన్నపిల్లల టీచరుగా చేసి రిటైరైంది. మా నాయనకు అక్క. మామయ్య తొందరగా పోయాడు, పిల్లల్లేరు. ఉదయగిరిలో తమ్ముడి ఇంటి పక్కనే చిన్న ఇల్లు వేసుకుని ఉండిపోయింది. మా ఊళ్ళో ఎండాకాలం ఎలా ఉంటుందో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. పగలంతా కాగిన కొండ ఆ వేడినంతా సాయంత్రానికి మా మీదే దించుతుంది. ఆ ఎండల్లో చర్చిలో పిల్లలకు సెలవుల బైబిలు బడి పెట్టేవాళ్ళు. పాటలు, వాక్యాలు అయ్యాక పిల్లలందరూ పరిగెత్తేది మా అత్త ఇంటికే. ఐసుల కోసం.

పుల్ల ఐసులని అనేవాళ్ళం గానీ వాటిలో పుల్ల ఉండేది కాదు, చెంచా ఉండేది. మా ఊరు చెక్క చెంచాలకు పేరు కదా. చెక్కేవాళ్ళ దగ్గర కాస్త వంకర వచ్చినవీ, అమ్ముడుపోనివీ ఏరి తెచ్చుకునేది. జామపండ్లు గింజల్లేకుండా జల్లెడలో రుద్దేది. బత్తాయి తొనలు ఒలిచి, చేదు రాకుండా గింజ తీసి నలిపేది. నేరేడు కాలంలో ఆమె చేతులు ఊదా రంగు వదిలేవి కావు. ఆ గుజ్జు స్టీలు గ్లాసుల్లో పోసి ఫ్రీజర్లో పెట్టి, సగం గట్టిపడ్డాక తీసేది. అప్పుడు అసలు పని. ఎండుమిరపకాయలు నిప్పుల మీద కాల్చి, ఉప్పుతో దంచి, నిమ్మరసం పిండి ముద్ద చేసేది. ఆ ముద్దను చెంచా గుంటలో మెత్తి, చెంచాను తలకిందులుగా గ్లాసులోకి దించేది. అంటే కారం ఐసు మధ్యలో దాక్కుని ఉంటుంది. పైనుంచి తియ్యతియ్యగా చీక్కుంటూ పోతే పోతే చివరికి గుంట దొరుకుతుంది. ఇక చూడండి, ఎగరడం, నాలుక బయటపెట్టి విసురుకోవడం, "ఇంకోటియ్యి టీచరమ్మా" అని కొంగు పట్టుకోవడం! చెంచా కడిగి తెచ్చిస్తేనే ఇంకో ఐసు.

"ఐసు నోరు చల్లబడేదానికి గదా తినేది, దాంట్లో కారమేంది అత్తా?" అని ఒకసారి అడిగాను.

"తీపి ఎవురైనా పెడతారు మే. కారం మనోళ్ళే పెట్టాల" అంది.

కారం సరిపోయిందో లేదో చూడటానికి ఆమెకో లెక్క ఉండేది. ముద్ద కాస్త నాలుక మీద వేసుకుని కూర్చునేది. ఎక్కిళ్ళు రావాలి. వస్తే సరిపోయినట్టు, రాకపోతే ఇంకో మిరపకాయ పడేది. కారం తగిలితే ఆమెకు ఎక్కిళ్ళు రాకుండా ఉండవు, అది ఆమె ఒంటి తీరు. పక్కింటి అరుగు మీద నుంచి మా నాయన అందుకునేవాడు. "అక్కా, ఎవురో నిన్ను తలుచుకుంటా ఉండారు!"

"నన్నెవురు తలుచుకుంటార్రా అబ్బయా, ఈ మిరపకాయ తప్ప" అని, ఎక్కిళ్ళ మధ్యే నవ్వేది. నీళ్ళు మాత్రం తాగేది కాదు. వచ్చిన ఎక్కిళ్ళను నీళ్ళు పోసి చంపుకోవడమేంది, వాటంతటవే పోతాయిలే అనేది.

అలాంటి మనిషికి నాలుక కింద పుండు లేచింది. ఇంకెక్కడా చోటు దొరకలేదా దానికి? నాకు ఇప్పటికీ కోపమే. ఎవరి మీద కోపమో అడగకండి. ప్రార్థనలో కూడా ఆ కోపం పోలేదు. నెల్లూరు తీసుకెళ్ళాం, క్యాన్సరన్నారు, కరెంటు పెట్టారు, మందులెక్కించారు. చివరికి డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక ఇంటి దగ్గర సుఖంగా చూసుకోండి అన్నాడు. అన్నం మింగలేని మనిషిని సుఖంగా ఎలా చూసుకోవాలో మాత్రం ఆయన చెప్పలేదు. చల్లనివి పెట్టొచ్చు, పులుపు వద్దు, కారం అసలే వద్దు, పుళ్ళు రేగుతాయి అన్నాడు. ఆస్పత్రికి దగ్గరని ఆత్మకూరులో మా ఇంటికే తెచ్చుకున్నాను.

నేనూ ఐసులు చేశాను. ఏం చెయ్యను, నా చేతిలో ఉన్నది అదొక్కటే. సపోటా పాలల్లో కలిపి చేశాను. కర్బూజా చేశాను. సంగం నుంచి చుట్టాలు మంచి అరటిపండ్లు తెస్తే వాటితోనూ చేశాను. ఒక్కటీ సగం దాకా పోలేదు.

"ఏంది మే ఇది, పసిబిడ్డ తిండి. కారం యాడ?"

"డాక్టరు వద్దన్నాడు అత్తా."

"ఆయన్ను తినమన్నానా నేను?"

మాట ముద్దముద్దగా వచ్చేది, దెప్పడం మాత్రం తగ్గలేదు. నేను నవ్వి వంటింట్లోకి వచ్చేదాన్ని. అక్కడ మిరపకాయల డబ్బా ముందు నిలబడి కళ్ళు తుడుచుకునేదాన్ని. పెడితే మంట, పెట్టకపోతే ఆ చూపు. రోజూ అదే. మీరైతే ఏం చేసేవాళ్ళో నాకు తెలియదు.

ఒకరోజు నాయన బస్సు దిగి వచ్చాడు. చేతిసంచిలోంచి అక్క చెక్క చెంచాలు తీశాడు. జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. విప్పక ముందే వాసన వచ్చింది. కాల్చి దంచిన కారం. జీవితంలో పొయ్యి దగ్గరికి రాని మనిషి, తనే కాల్చి, తనే దంచుకొచ్చాడు. వేళ్ళ కొసలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"పెట్టు పాపా" అన్నాడు.

"నీకేం నాయనా, ఒక మాటనేసి బస్సెక్కి పోతావు. పుళ్ళు రేగితే ఆ బాధ చూసేది నేను."

"నేను చూడనంటినా? రేగితే నేనూ ఈడనే ఉంటా. అడిగి అడిగి పోతాది మే అక్క. నోరు తెరిచి ఇంకేమన్నా అడిగిందా మనల్ని?"

జామపండ్లు తెప్పించాను. జల్లెడ నేను పట్టాను, ముద్ద ఆయన కలిపాడు. ఎంత మెత్తాలో ఇద్దరికీ తెలియలేదు. ఆయన ఎక్కువ పెట్టాడు, నేను తీసేశాను, ఆయన మళ్ళీ పెట్టాడు. మధ్యాహ్నానికి గట్టిపడింది. గ్లాసును అరచేతుల మధ్య రుద్ది, ఐసు తీసి ఆమె చేతికిచ్చాం. చెంచా చూడగానే ఆమె ముఖం విప్పారింది.

చాలాసేపు పట్టింది. చీకడం రాదు, పెదవులకు ఆనించుకుని కరగనివ్వడమే. గడ్డం మీదుగా కారుతుంటే నేను తుడుస్తున్నాను. ఇంకొంచెంలో గుంట వస్తుందనగా నేను చల్లని పాల గ్లాసు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. నాయన మంచం కోడు గట్టిగా పట్టుకున్నాడు. ఎర్రటి ముద్ద ఆమె నాలుక మీదికి చేరింది.

ఏమీ కాలేదు.

చెంచాను బయటికి తీసి చూసుకుంది. గుంట ఎర్రగా ఉంది. మళ్ళీ నోట్లో పెట్టుకుంది. మళ్ళీ చూసుకుంది. అప్పుడు నాకు అర్థమైంది. ఆ నాలుకకు మంట కూడా మిగల్లేదు. మండుతుందని ఇన్నాళ్ళూ భయపడి దాచాను, మండినా బాగుండేదని ఆ క్షణంలో అనిపించింది. ఆమె తలెత్తి తమ్ముణ్ణి చూసింది. ఆయన కళ్ళు అప్పటికే నిండిపోయాయి.

ఆమె చెయ్యెత్తింది. బైబిలు బడి పిల్లల్లాగా నోటి ముందు గబగబా విసురుకుంది.

"అబ్బో! బో కారంగా ఉండాదిరా అబ్బయా! ఎన్ని మిరపకాయలు దంచినావు?"

నాయన ఏడుస్తూనే నవ్వాడు. నేనే దంచినాను, చెయ్యి కొంచెం ఎక్కువ పడింది అక్కా అన్నాడు. పాలు తాగమన్నాడు. వద్దులే, కాసేపు మండనీ అంది. ఎక్కిళ్ళు రాలేదు. నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. రాలేదు.

ఆయన బస్సుకు వెళ్ళిపోయాక నా చెయ్యి పట్టుకుంది. "వాడికి చెప్పబాక మే" అంది. చెప్పనన్నాను. ఆ తర్వాత ఆమె కారం అడగలేదు. ఐసే అడగలేదు. కొన్నాళ్ళకు ఇంటికి పోతానంది, ఉదయగిరి తీసుకెళ్ళి దించాం. అక్కడి నుంచి మళ్ళీ రాలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక చుట్టాలు ఎవరి బస్సులకు వాళ్ళు వెళ్ళిపోయారు. సెలవుల బడిలో ఒకప్పుడు ఆమె ఐసులు తిన్నవాళ్ళు చాలామంది వచ్చారు, తమ పిల్లల్ని వెంటబెట్టుకుని. అందరూ పోయాక నాయన అక్క ఇంట్లోకి వెళ్ళాడు. వెనకే నేనూ వెళ్ళాను. ఆయన ఫ్రీజర్ తెరిచాడు. లోపల ఒక స్టీలు గ్లాసు. జబ్బు బయటపడక ముందు, నేరేడు కాలంలో, ఆమె చేసిపెట్టిన ఐసుల్లో చివరిది. ఇన్నాళ్ళూ నాయన ఎవర్నీ ముట్టుకోనివ్వలేదట. కరెంటు పోయినప్పుడల్లా కరిగి, వచ్చినప్పుడల్లా గడ్డకట్టి, చెంచా ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది.

అరుగు మీద కూర్చుని ఆయన అది నోట్లో పెట్టుకున్నాడు. కారం గుంటలో లేదు, కరిగి కరిగి ఐసంతా పాకిపోయినట్టుంది. మొదటి చప్పరింపుకే ఆయనకు ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ముసలి ఒళ్ళు, ప్రతి ఎక్కిలికీ భుజాలు అదురుతున్నాయి.

"ఆ పొద్దు అక్కకు ఎక్కిళ్ళు రాలేదు పాపా" అన్నాడు. "నేను చూసినాను."

పరిగెత్తి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చాను. చెంబును చేత్తో పక్కకు జరిపాడు.

"వద్దు. రానీ" అన్నాడు.

పొద్దు కొండ వెనక్కి దిగిపోయింది. ఐసంతా కరిగి ఊదా రంగు ఆయన మణికట్టు మీదుగా కారిపోయింది. ఖాళీ చెంచా పట్టుకుని ఆయన ఎక్కిళ్ళు పెడుతూనే ఉన్నాడు. చెంబులో నీళ్ళు అలాగే ఉన్నాయి.