ముందు బండిని దాటకూడదు

రోజూ పొద్దున్నే ముఖం కడుక్కోకముందే ఎవారిస్తో తోలాబా వసారాలోకి వచ్చి, తన పాత మోటారుసైకిల్‌కున్న రెండు అద్దాలూ తుడిచేవాడు. ముందు తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో. కుడి అద్దాన్ని ఒకసారి తుడిస్తే ఎడమదాన్ని రెండుసార్లు తుడిచేవాడు. అప్పుడుగానీ సిలువ గుర్తు వేసుకుని, రియో బ్లాంకో మరియమాతను తలుచుకుని, మాతే ఆకుల తేనీరు కాచుకోవడానికి నీళ్లు పొయ్యిమీద పెట్టేవాడు కాదు. తొమ్మిదేళ్లుగా ఆ బండి ఊరు దాటి పది కిలోమీటర్లు పోయింది లేదు. పోని బండికి అద్దాలెందుకు తుడుస్తావని భార్య నెలీదా ఏనాడూ అడగలేదు. ఆయన తుడిచినంతసేపూ కోళ్లకు గింజలు చల్లుతున్నట్టు అటు తిరిగి నిలబడేది.

చిలీ సరిహద్దుకి ఇవతల, కొండల కింద ఉన్న వాళ్ల ఊరు ఎల్ కార్మెన్‌లో రోడ్డు పక్కన ఆయనకో పంక్చర్ల కొట్టుంది. పొగాకు ట్రాక్టర్లూ, హుహుయ్ పట్నం నుంచి వచ్చే టాక్సీలూ అక్కడే ఆగుతాయి. బడిపిల్లల సైకిళ్లకు ఆయన డబ్బు తీసుకోడు. “పెద్దయ్యాక కారు కొంటావు కదా, అప్పుడు ఇద్దువులే” అంటాడు. ఊళ్లో మోటారుసైకిళ్ల సంఘం ఒకటుంది. దాన్ని కూడగట్టిందీ, ఎటు పోవాలన్నా దారి గీసిందీ, గుంపులో ముందు బండి నడిపిందీ ఆయనే. అది తొమ్మిదేళ్ల కిందటి మాట.

ఆ సంవత్సరం తనదితో కలిపి ఆరు బండ్లను హామా కనుమ మీదుగా చిలీకి తీసుకెళ్లాడు. పద్ధతి ఆయనే పెట్టాడు. దారిలో ముందు బండిని ఎవరూ దాటకూడదు. ఏదైనా కావలిస్తే వెనకవాడు హెడ్‌లైటు రెండుసార్లు వెలిగించి ఆర్పాలి. వాడి ముందువాడు అది చూసి తనూ అలాగే చెయ్యాలి. అలా ఆ కబురు బండి నుంచి బండికి పాకి ముందుకు చేరుతుంది. కొండదారిలో తోసుకుంటూ పోయి లోయలో పడకుండా ఉండటానికి పెట్టిన మంచి పద్ధతే అది.

అందరికన్నా వెనక రుఫీనో ఉన్నాడు. రొట్టెల బట్టీ నడిపేవాడు, నలభై నాలుగేళ్లవాడు. సరిహద్దు దగ్గర కాగితాలమీద ముద్ర వేయించుకుంటున్నప్పుడే అతని పెదవులు నీలంగా ఉన్నాయి. పొద్దున్నుంచీ తల పగిలిపోతోందని అన్నాడు. ఎత్తుకి తల తిరక్కుండా నమిలే కోకా ఆకులు ఇన్ని ఎవారిస్తో అతని చేతిలో పెట్టి, “ఇంకో గంటన్నర ఓర్చుకో తమ్ముడూ. పైకెక్కి దిగామంటే గాలి పాలలా ఉంటుంది” అన్నాడు. ఎక్కారు. నాలుగువేల ఎనిమిదివందల మీటర్ల ఎత్తున, ఈడ్చికొట్టే గాలిలో, ఎడమ అద్దంలో లైటు రెండుసార్లు వెలిగి ఆరింది. ఎవారిస్తో చూశాడు. పొద్దున్నుంచీ ఫొటోల కోసం లైట్లు కొడుతూనే ఉన్నారు, ఇదీ అలాంటిదే అనుకున్నాడు. ఇక్కడ ఆగితే అందరికీ గాలి చాలక ఎత్తు జబ్బు పట్టుకుంటుందనుకున్నాడు. బండి ఆపకుండా ముందుకు పోయాడు. ఇరవై నిమిషాలయ్యాక ఆగి లెక్కపెడితే వెనక ఐదు లైట్లుండాల్సిన చోట నాలుగే ఉన్నాయి. పద్ధతి ప్రకారం ఆయన్ని దాటి ఎవరూ రాలేదు.

తిరిగి వెళ్లేసరికి రుఫీనో తన బండి చక్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పరాగ్వే లారీడ్రైవరు ఒకాయన తన దుప్పటి అతనికి కప్పి, చల్లబడిన ఆ చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని, ఎవరో ఒకరు వచ్చేదాకా కదలకుండా ఉన్నాడు. ఆ మనిషి పేరైనా ఎవరూ అడగలేదు.

గుండె ముందునుంచే పాడై ఉందని, అందుకే పోయాడని డాక్టరు అన్నాడు. లైటు చూశావా అని పోలీసులు అడిగారు. “చూడలేదు” అన్నాడు ఎవారిస్తో. నోరు జారి వచ్చిన ఆ ఒక్క మాట అక్కణ్ణుంచి ఊరికొచ్చి, ఊళ్లో నిజమై కూర్చుంది. చర్చిలో పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో గురువుగారి ముందు అన్నీ చెప్పుకునేవాడు కానీ, ఆ మాట దగ్గరికొచ్చేసరికి సిలువ గుర్తు వేసుకుని లేచి వచ్చేసేవాడు.

ఈ అక్టోబరులో సంఘంవాళ్లు మళ్లీ చిలీ మాట ఎత్తారు. సమాధుల పండుగ వెళ్లాక బయలుదేరి, హామా దాటి, సముద్రం దాకా పోయి రావాలని. ఆదివారం మధ్యాహ్నం నందో పెరట్లో నిప్పులమీద మాంసం కాలుతుండగా ఏడుగురూ చుట్టూ చేరారు. నందోకి ఇనప సామాన్ల కొట్టుంది. బండి పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. ఆనాడు రుఫీనోకి ముందున్న బండి అతనిదే. మొదట లైటు కొట్టి కబురు ముందుకు పంపింది అతనే.

“సాల్తా పట్నంలో ఇలాంటి యాత్రలకి తీసుకెళ్లే కంపెనీవాళ్లున్నారు. వాళ్లతో పోదాం” అన్నాడు ఎవారిస్తో. “వెనక వ్యాను వస్తుంది. అందులో ఆక్సిజన్ సిలిండరుంటుంది. దారి తెలిసిన గైడుంటాడు.”

“అబ్బో, గైడంట!” అన్నాడు నందో మాంసం తిరగేస్తూ. “ఆ గైడుగారి టైరు పేలితే ఎవరి కొట్టుకొస్తాడయ్యా? నీ కొట్టుకేగా! ఇంట్లో పొయ్యిమీద కూర ఉడుకుతుంటే వీధి చివర హోటల్లో చారు కొనుక్కున్నట్టుంది నీ యవ్వారం.”

అందరూ నవ్వారు. ఎవారిస్తో నవ్వలేదు.

“నాకు అరవై రెండు నిండాయి నందో.”

“ఆ కనుమకి ఎన్ని నిండాయో అడిగావా? నీకన్నా ముసల్ది. అది మానేసిందా నిలబడ్డం?”

“మోకాళ్లు పట్టేస్తున్నాయి.”

“బండి నడిచేది మోకాళ్లతో కాదు పెద్దాయనా, పెట్రోలుతో. ఇంకేం సాకులున్నాయో అన్నీ ఒకేసారి చెప్పెయ్, మాంసం మాడిపోతోంది.”

అప్పుడే సుల్మా నోరు విప్పింది. ఆ అమ్మాయి సంఘంలో చేరి ఆరు నెలలైంది. బడిలో పిల్లలకు వంట చేస్తుంది. నూటయాభై సీసీ చిన్న బండి. అడిగితేనే మాట్లాడుతుంది, అదీ సగమే. పెద్దవాళ్ల పేరుకి ముందు గౌరవంగా దోన్ అని చేర్చి పిలుస్తుంది.

“ఒక మాట అడగనా దోన్ ఎవారిస్తో? మనం లైటు కొట్టాక ముందు బండి చూసుకోకపోతే ఎలా?”

నిప్పులమీద కొవ్వు చుక్కలు పడి చురచురలాడాయి.

“మళ్లీ కొడతాం” అన్నాడు నందో.

“మళ్లీ చూసుకోకపోతే?”

నందో చేతిలోని కత్తి పక్కన పెట్టాడు. అంత గొంతూ ఒక్కసారిగా చిన్నబోయింది. “అలాంటివి అడక్కూడదు చెల్లీ. ముందు రొట్టె తీసుకో, చల్లారిపోతోంది.”

ఎవారిస్తో తన పళ్లెం ముట్టకుండా పక్కన పెట్టేశాడు. అందరూ చేతులెత్తారు. కంపెనీ వద్దు, దోన్ ఎవారిస్తోయే ముందుండాలి. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఎత్తబోయి దించేశాడు. అది ఒప్పుకోలే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ వారమంతా పనులు వాటంతటవే సాగిపోయాయి. చిలీలో చెల్లే ఇన్సూరెన్సు ఎవరు చూడాలి, దారిలో సుస్కేస్ అనే ఊళ్లో ఎవరింట్లో పడుకోవాలి, గాలి పంపు ఎవరి బండిమీద, పెట్రోలు డబ్బా ఎవరి బండిమీద. ఒక్కొక్కరే కొట్టుకొచ్చి అడిగేవారు. ఆయన చెప్పేవాడు. ఒక్కో జవాబుకీ ఒక్కో మనిషి ప్రాణం ఆయన చేతిలోకి వచ్చి పడుతున్నట్టుండేది. కాగితంమీద ఏడు పేర్లు రాసుకున్నాడు. చివరి పేరు రాసి, కొట్టేసి, మళ్లీ రాశాడు.

గురువారం రొట్టెల కోసం రుఫీనో భార్య డెల్ఫీనా దగ్గరికి వెళ్లాడు. బట్టీ ఇప్పుడు ఆవిడే నడుపుతోంది. తొమ్మిదేళ్లుగా ఆయన అరడజను అడిగితే ఏడు వేసి ఇస్తుంది. ఎందుకని ఆయన అడగడు, ఆవిడ చెప్పదు. ఆ వేళ సంచితోబాటు ఊదారంగు కాగితంపూల దండ కూడా బల్లమీద పెట్టింది.

“హామా మీదుగా పోతున్నారంటగా. ఇది ఆయన పోయిన చోట పెట్టవూ అన్నయ్యా? ఆ చోటు మిగతావాళ్లకి గుర్తుండదు. నువ్వు ముందుంటావు, నీ కంట పడకుండా ఏదీ పోదు.”

“అలాగేనమ్మా.”

“మా ఆయన అనేవాడు. ఎవారిస్తో ముందుంటే నేను కళ్లు మూసుకుని నడపగలనే అనేవాడు.” ఆవిడ నవ్వి, దండమీద పడ్డ పిండిని ఊదింది.

రొట్టెల సంచి ఎవారిస్తో చేతిలోంచి జారింది. ఆవిడే వంగి, పడ్డవి పక్కనపెట్టి, వేరేవి ఏడు వేసి, “ఎండ దెబ్బేమో, నీడలో నడిచి వెళ్లు” అంది. ఆ మంచితనం ముందు నిలబడటంకన్నా కనుమ మీది గాలిలో నిలబడటం నయమనిపించింది ఆయనకి.

ఆ ఆదివారం బండ్ల నడక చూసుకుందామని అందరూ లిపాన్ ఘాట్‌రోడ్డు ఎక్కారు. ఎవారిస్తో ముందు, ఆయన వెనక నందో, అందరికన్నా చివర సుల్మా. మలుపు మలుపుకీ గాలి పలచబడుతోంది. ఆయన దారి చూడటం లేదు, అద్దాలే చూస్తున్నాడు. ఆరు లైట్లు. మలుపు. ఐదు. ఇంకోసారి లెక్కపెట్టేవాడు. ఇంకో మలుపు తిరగ్గానే మళ్లీ ఆరు. ఇలా ఎన్నిసార్లో. కోకా ఆకులు నాలుకకు గడ్డిపోచల్లా తగులుతున్నాయి. అంతలో ఎడమ అద్దంలో వెలుగు. ఒకసారి. రెండోసారి.

ఆయన చేతులు ఆయన్ని అడగలేదు. నడిమలుపులో రెండు బ్రేకులూ పట్టేశాడు.

వెనక నుంచి టైరు కీచుమన్న చప్పుడు. నందో బండి ఆయన్ని రాసుకుంటూ పక్కకు జారి, కంకరమీద గీసుకుంటూ లోయ అంచుకు మూరెడు దూరంలో పడింది. వాళ్ల వెనకాలే ఎక్కి వస్తున్న బస్సు హారను మోగిస్తూ వాళ్ల పక్కనుంచి వెళ్లిపోయింది. దాని అద్దాలమీద ఎండ పడి రెండుసార్లు తళుక్కుమంది. ఆయన చూసిన వెలుగు అదే. లైటు ఎవరూ కొట్టలేదు.

“నీకేమైనా పిచ్చి పట్టిందా! మలుపులో ఆపుతారా ఎవరైనా!” అని నందో అరుస్తూ లేచాడు. ఎవారిస్తో మొహం చూశాక అరుపు ఆపేశాడు. దగ్గరికొచ్చి ఆయన హెల్మెట్ తనే విప్పి, సీసా మూత తీసి నీళ్లు తాగించి, “ఏం కాలేదులే పెద్దాయనా, ప్యాంటే చిరిగింది. దాన్ని మా ఆవిడ ఎలాగూ పారెయ్యమంటోంది” అన్నాడు.

తిరిగి దిగుతున్నంతసేపూ ఎవారిస్తోకి ఒకటే ఆలోచన. అప్పుడు కనిపించినదానికి ఆగలేదు. ఇప్పుడు లేనిదానికి ఆగాడు. ఇక ఈ చేతుల్ని ఎలా నమ్మడం? తను పోకపోతే నందో ముందుంటాడు. ఆ పెద్ద బండి వేగానికి వెనకాల ఎవరు రాలారో తెలిసేసరికి సాయంత్రమవుతుంది. ఇసుక ఎక్కడ మేట వేస్తుందో, మంచు ఏ మలుపులో గడ్డకడుతుందో అతనికి తెలియదు. పోతే ఒక భయం, పోకపోతే ఇంకో భయం. ప్రార్థించాడు. తల్లీ, నాకు ధైర్యం వద్దు, నన్ను ఆపేవాళ్లని చూపించు అన్నాడు.

మంగళవారం పది గంటలకు బడి వంటింటికి వెళ్లాడు. సుల్మా పెద్ద గిన్నెలో పప్పు తిప్పుతోంది. ఆయన్ని చూసి మంట తగ్గించి, స్టూలు లాగి, పిల్లల కోసం కాచిన పాలు గ్లాసులో పోసి చేతికిచ్చింది. ఏం పనిమీద వచ్చారని అడగలేదు.

“నువ్వడిగావే, ముందు బండి చూసుకోకపోతే ఎలా అని” అన్నాడు ఎవారిస్తో. పాలమీది మీగడ వేలితో పక్కకి నెట్టాడు. “రుఫీనో పోయిన రోజు నేను చూశానమ్మా. నందో మొదలుపెట్టిన లైటు కబురు నా దాకా వచ్చింది. చూసీ ఆగలేదు.”

సుల్మా గరిటె గిన్నె అంచుకు ఆనించింది. పొయ్యి ఆర్పేసింది.

“నందోకి తెలుసా?”

“తెలీదు. తను సరిగ్గా కొట్టలేదేమోనని తొమ్మిదేళ్లుగా వాడు కుమిలిపోతున్నాడు, నాకు తెలుసు. ఈ సాయంత్రం వాడికి చెప్తాను. రేపు డెల్ఫీనాకి చెప్తాను. ఆ తర్వాత కూడా నన్ను ముందుండమంటే, ఉంటాను.”

“మొదట నా దగ్గరికెందుకొచ్చారు?”

“అడగాల్సింది అడిగినదానివి నువ్వొక్కదానివే కనక.”

ఆమె వంటగుడ్డతో చేతులు తుడుచుకుంది. కిటికీ అవతల పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు.

“నన్నేం చెయ్యమంటారు?”

“నువ్వు చివర రావద్దు. చివర నందో ఉంటాడు. నువ్వు నా వెనకే రా.”

“నా బండి చిన్నది దోన్ ఎవారిస్తో. పైకెక్కితే ముసలాడిలా దగ్గుతుంది. మిమ్మల్ని అందుకోవద్దూ?”

“నీ బండి ఎంత పోతే అందరం అంతే పోదాం. అది దగ్గితే అందరం నిలబడదాం.” ఆయన గ్లాసు కింద పెట్టి, ఆమె కళ్లలోకి చూశాడు. “ముందు బండిని దాటకూడదన్నది నేను పెట్టిన పద్ధతి. నీకు మటుకు అది లేదు. వెనక లైటు వెలిగినా, ఎవరి పెదవులు నీలంగా కనిపించినా, నేను ఆగకపోతే నన్ను దాటి వచ్చి నీ బండి రోడ్డుకి అడ్డం పెట్టు. నేను చెయ్యి ఊపుతాను. కోప్పడతాను. ఇంకో గంటే, దిగితే గాలి పాలలా ఉంటుందంటాను. అప్పుడు మాత్రం నా మాట వినకు తల్లీ. ఈ ఒక్క సాయం చేసిపెట్టు.”