నివురుముంగి నాలుగు ఎత్తులు

మా ఎదురు క్వార్టర్‌లో ఉండే లింగయ్య, నేను పనిచేసే థర్మల్ స్టేషన్‌లోనే బొగ్గు విభాగం మనిషి. గూడ్సు బండి తెచ్చిన వ్యాగన్‌ను ఒడిసిపట్టి, బొగ్గంతా కిందికి జారేలా బోర్లించే పెద్ద యంత్రం ఒకటుంటుంది. దాన్ని నడిపేది ఆయనే. ఏళ్ళ తరబడి ఆ రొదలో పనిచేసినందుకేమో, ఇంట్లో మంచినీళ్ళు అడిగినా కాలనీ చివరిదాకా వినపడేది. సొంతూరు దేవసూగూరు పక్కనే. భార్య పేరు యంకవ్వ. ఒక్కతే కూతురు సుప్రియ, రాయచూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ రోజూ బస్సులో వెళ్ళి వచ్చేది.

2018 వానాకాలంలో, గుడి దగ్గరి మలుపులో లింగయ్య బైకు ఇసుక మీద జారింది. కుడికాలు విరిగింది. మోకాలి పైదాకా కట్టు వేసి మంచం దిగొద్దన్నారు. ఒకచోట కుదురుగా కూర్చోవడం ఎరగని మనిషి. టీవీని తిట్టాడు, వానను తిట్టాడు, పప్పులో ఉప్పు చాల్లేదని యంకవ్వ మీద అరిచాడు. ఆఖరికి సుప్రియ చేతిలోని ఫోను మీద పడ్డాడు.

"ఇంత ఉద్యోగం చేస్తున్నవ్, ఇంకా ఆ బొమ్మల కొట్లాట ఏందే?"

"ఒక్కసారి ఆడి చూడు నాయినా. తర్వాత ఎంతైనా తిట్టు" అని సుప్రియ ఫోను ఆయన చేతికిచ్చింది.

ఆ ఆట పేరు మృగరణం. ఎక్కడెక్కడి మనుషులో ఫోన్లలోనే ఎదురెదురుగా నిలబడి, ఒక్కొక్కరు ఒక్కో వింత మృగాన్ని బరిలోకి దింపుతారు. ప్రతి మృగానికీ బోలెడన్ని విద్యలు వస్తాయి గానీ, బరిలోకి తీసుకుపోగలిగేవి నాలుగే. వాటికి తోడు దాని నోట కరిపించడానికి ఏదైనా ఒక వస్తువు. ఏ నాలుగు, ఏ వస్తువు అన్నదాంట్లోనే ఉంది తెలివంతా. ఒకరు ఒక ఎత్తు, ఎదుటివారు ఒక ఎత్తు. అలా ప్రాణం అయిపోయేదాకా.

మొదటి ఆటలో లింగయ్య మూడు ఎత్తుల్లో ఓడిపోయాడు. ఎవరో అస్సాం అతనట. "వీని తల్లి... ఇంకొకటి పెట్టు బిడ్డా!" అన్నాడు. ఆ రోజు యంకవ్వ అన్నానికి ఎన్నిసార్లు పిలిచిందో ఆమెకే తెలియాలి.

వారం తిరిగేసరికి ఆయన ఒక మృగాన్ని ఎంచుకున్నాడు. ముంగిసలా ఉంటుంది, ఒళ్ళంతా బొగ్గునలుపు, వీపు మీద బూడిద. ఆటలో దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరేదో ఉంది. లింగయ్య దాన్ని నివురుముంగి అన్నాడు, మేమందరం అదే అన్నాం.

"అది దండగ నాయినా. ఎవ్వరూ ఆడరు దాంతోని" అంది సుప్రియ.

"ఎందుకు, నల్లగున్నదనా?"

"ఒళ్ళు పలచన. నడక నిదానం. ఒక్క దెబ్బకు పోతది."

"మరి దాన్ని చేసినోడు ఊరికే చేసిండా? ఏదో ఉంటది దీంట్ల."

ఉంది. ఆ ముంగికి పుట్టుకతో ఒక గుణం ఉంది. ఒళ్ళు అంటుకున్నప్పుడు ప్రాణం కొంచెం కొంచెం కరిగిపోతుంది గానీ, ఎత్తు ఎత్తుకీ వేగం పెరుగుతుంది. శత్రువు నిప్పు విసిరితే తప్ప ఆ గుణం పనికిరాదనుకుని అందరూ దాన్ని వదిలేశారు. ఒక ఆదివారం పొద్దున నేను కాఫీకని వెళ్ళేసరికి లింగయ్య మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. కళ్ళు మెరిసిపోతున్నాయి.

"సార్, ఇటు రండి, ఇటు రండి! కుంపటి కరిపించిన!"

నాకేమీ అర్థం కాలేదు. సుప్రియ చెప్పింది. ఆటలో కుంపటి అనే వస్తువు ఒకటుంది. దాన్ని నోట కరుచుకున్న మృగానికి మొదటి ఎత్తు అయిపోగానే నిప్పంటుకుంటుంది. బుద్ధున్నవాడెవడూ దాన్ని ముట్టుకోడు. లింగయ్య ముట్టుకున్నాడు. ముంగి తన నిప్పు తానే అంటించుకుని, మొదటి దెబ్బను డాలుతో కాసుకుని, శత్రువు కళ్ళలో బూడిద కొట్టి, వేగం పుంజుకున్నాక 'మెరుపుదెబ్బ' అనే విద్యతో విరుచుకుపడుతుంది. ఎంత వేగం ఉంటే ఆ దెబ్బకు అంత బలం. నాలుగోది గాయాలు నాక్కునే విద్య, కరిగిన ప్రాణం కాస్త తిరిగి వస్తుంది.

నా కళ్ళ ముందే ఒకణ్ణి ఓడించాడు. తర్వాత ఇంకొకణ్ణి. మూడోవాడు మధ్యలోనే ఆట వదిలి పారిపోయాడు. లింగయ్య అరుపులకు పక్క క్వార్టర్ వాళ్ళు ఏమైందోనని తలుపు తీసి చూశారు.

ఆ జోరుకు అడ్డం పడింది 'కాలువరాణి'. అది ఆటలో ఒకామె పెట్టుకున్న పేరు. ఆమె దింపేది నీటికొంగ. మొదటి ఎత్తులోనే వాన కురిపించేది. వానలో ఏ నిప్పూ నిలవదు. ముంగి ఒంటిమీద మంట చప్పున చల్లారిపోయేది, వేగం పెరిగేది కాదు, రెండు ముక్కుపోట్లతో కథ ముగిసేది. లింగయ్య ఆమెతో ఎన్నిసార్లు తలపడ్డాడో అన్నిసార్లూ ఓడాడు. ఆట అయ్యాక రాసుకునే చోట ఆమె తెలుగులో రాసింది: "మీ ముంగి భలే ఉందండీ. కానీ మాది కాలువ కింద ఊరు. నీళ్ళకు కొదవ లేదు."

ఆమె పేరు ఉమారాణి అనీ, సింధనూరు పక్కన ఆంధ్ర రైతులు కట్టుకున్న ఒక క్యాంపులో ఉంటుందనీ అప్పుడు తెలిసింది. తాతల కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. రైస్ మిల్లులో లారీలను తూచే వేబ్రిడ్జి దగ్గర పని. లారీకీ లారీకీ మధ్య ఆట.

కట్టు విప్పిన రోజుల్లోనే కబురొచ్చింది. సింధనూరులో ఒక మొబైల్ దుకాణం వాళ్ళు కల్యాణ మండపంలో మృగరణం పోటీ పెడుతున్నారు. ఉమారాణి తప్పక వస్తుంది. లింగయ్య కూడా పోవాలనుకున్నాడు, కానీ వానకు విరుగుడు ఏది?

తండ్రీకూతుళ్ళు ఆ వారమంతా దాని మీదే పడ్డారు. నిప్పు ఆరిపోతే మళ్ళీ అంటించే విద్య కోసం వెతికారు. దొరకలేదు. చివరికి సుప్రియ ముంగి గుణం గురించి ఇంగ్లీషులో ఉన్న రెండు వాక్యాలు తీసి, ఒక్కొక్క మాటా పలుకుతూ చదివింది. సగంలో ఆగిపోయింది.

"నాయినా... దీంట్ల నిప్పు అని లేదు."

"అంటే?"

"బాధ అని ఉంది. ఒంటికి ఏ బాధ తగిలినా వేగం పెరుగుతదంట. నిప్పే కానక్కర లేదు!"

లింగయ్య లేవబోయి, బాగుపడుతున్న కాలిని మంచం కోడుకు కొట్టుకున్నాడు. నొప్పి సంగతే పట్టలేదు. "విషం! వాన విషాన్ని కడుగుతదా?"

"కడగదు!"

"చేదుపండు! ఆ పండు కరిపియ్యి జల్ది!"

చేదుపండు కరిచిన మృగానికి మొదటి ఎత్తు కాగానే విషమెక్కుతుంది. చిక్కల్లా ఏమిటంటే, నిప్పులా అది నిదానంగా తినదు. ఎత్తు ఎత్తుకీ రెట్టింపు తింటుంది. ఆట త్వరగా ముగించకపోతే ముంగి తనంత తానే చస్తుంది. అందుకని గాయాలు నాక్కునే విద్య ఉండాల్సిందేనని సుప్రియ పట్టుబట్టింది. దాన్ని పీకి పారేయాలని లింగయ్య. కొంగకు 'రెక్కల గొడుగు' అనే కాపు ఉంది. దాని కింద దాక్కుంటే ఏ దెబ్బా తగలదు. ఆమె గొడుగు పట్టుకుని కూర్చుంటే విషమే ముంగిని తినేస్తుంది. కాబట్టి కాపును చీల్చే 'గోటిగీటు' కావాలి. డాలు, బూడిద, మెరుపుదెబ్బ తీసేవి కావు. ఉన్న చోటు ఒక్కటే.

"ప్రాణం పోతుంటే నాక్కోకుండ ఎట్ల?" అంది సుప్రియ.

"నాక్కుంట కూసుంటే ఆ ఎత్తు పోయినట్లే కదనే! ఆమె ఊకుంటదా?"

ఇద్దరి గొంతులూ వంటింటిదాకా వినపడ్డాయి. యంకవ్వ వచ్చి, "ఒకపారి అట్ల ఆడుండ్రి, ఒకపారి ఇట్ల ఆడుండ్రి. దానికి ఇంత పంచాయితీ ఏంది?" అంది. ఆడి చూశారు. సుప్రియ కొంగను తీసుకుని తండ్రి మీదే ఆడింది. గోటిగీటు ఉన్నప్పుడే ముంగి గెలిచింది, అదీ వెంట్రుకవాసిలో.

పోటీ రోజున లింగయ్యకు చేతికర్ర ఉన్నా భుజం ఆసరా కావాలని నన్నూ బస్సెక్కించారు. సింధనూరు మండపం కిటకిటలాడుతోంది. వేదిక మీద పెద్ద తెర, కింద కుర్చీలు. కన్నడ, తెలుగు, ఉర్దూ కలిసిన గోల. లింగయ్య కర్ర చప్పుడు చేసుకుంటూ లోపలికి రాగానే ఒకావిడ నవ్వుతూ ఎదురొచ్చింది. నలభై లోపే ఉంటుంది, చేతిలో ఫోను, భుజాన టిఫిను సంచి.

"ముంగి అన్నయ్యగారు మీరేనా? నేను ఉమారాణినండీ. ఇంత పెద్దవారని అనుకోలేదు. మరీ దారుణంగా కొట్టేశానేమో మిమ్మల్ని."

"ఇయ్యాల చూడమ్మా, ఇయ్యాల చూడు!" అన్నాడు లింగయ్య. సుప్రియ ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

మొదటి ఆటలు కుంపటితోనే నెగ్గుకొచ్చాడు. చేదుపండును దాచిపెట్టాడు. సెమీ ఫైనల్లో ఇద్దరూ ఎదురుపడ్డారు.

పెద్ద తెర మీద కొంగ రెక్కలు విప్పింది. వాన కురిసింది. ముంగి డాలు పట్టింది. జనం "ఆరిపోయింది, ఆరిపోయింది" అన్నారు. అసలు అంటుకుంటే కదా ఆరడానికి! ముంగి ముఖం మెల్లగా పచ్చబడింది. ఉమారాణి ఫోను మీదికి వంగింది.

"ఇదేంటిది... విషమా? ఎవరు పెట్టారు దీనికి?"

రెండో ఎత్తులో ముంగి బూడిద కొట్టింది. కొంగ ముక్కు గురితప్పి నేలకు తగిలింది. ఉమారాణికి అప్పటికి విషయం తెలిసిపోయింది. తెలివిగా గొడుగు పట్టింది. ముంగి ప్రాణం సగం కంటే కిందికి జారింది. లింగయ్య గోటితో గీరాడు, గొడుగు చిరిగింది. మండపమంతా ఒక్కసారి లేచింది. విషం మళ్ళీ తిన్నది. తెర మీద ముంగి ప్రాణం గీత కనీకనపడనంత మిగిలింది. ఈ ఎత్తులో చంపాలి, లేదా చావాలి.

"కొట్టు నాయినా!" అని సుప్రియ కుర్చీ ఎక్కి అరిచింది.

మెరుపుదెబ్బ పడింది. అంత వేగం పోగైన దెబ్బను నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. తెర తెల్లబడిపోయింది. మళ్ళీ బొమ్మ కనపడేసరికి కొంగ వెల్లకిలా పడి ఉంది.

లింగయ్య కర్ర వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. నేను పట్టుకోకపోతే పడేవాడే. ఓడిపోయిన ఉమారాణి ఆయనకంటే ముందే పరుగెత్తుకొచ్చింది.

"అన్నయ్యగారూ, ఏం చేశారండీ బాబూ! చెప్పండి, ముందు అది చెప్పండి!"

ఆయన చెప్పాడు. టీ గ్లాసు చేతికొచ్చి చల్లారిపోతున్నా చెబుతూనే ఉన్నాడు. పండు సంగతి, గుణం సంగతి, నాలుగు ఎత్తులూ ఏ వరుసలో వాడాలో, అన్నీ. ఆయన గొంతు సంగతి తెలిసిందే. మైకు అక్కర్లేదు. సుప్రియ "నాయినా, జర మెల్లగ... నాయినా, ఫైనలున్నది" అని ఎంత గిల్లినా ఆగలేదు. రెండు వరుసల అవతల తుర్విహాళ నుంచి వచ్చిన అంబరీశ్ కూర్చుని ఉన్నాడు. అతను పశువుల డాక్టరు. ఫైనల్లో లింగయ్యకు ఎదురు నిలవాల్సింది అతనే. చెవులప్పగించి అంతా విన్నాడు, ఫోనులో ఏదో మార్చుకున్నాడు.

ఫైనల్లో అంబరీశ్ రాతిఎద్దును దింపాడు. ముంగికి విషమెక్కింది. లింగయ్య చిరునవ్వుతో బూడిద కొట్టడానికి సిద్ధమయ్యాడు. ఎద్దు కుమ్మలేదు. ముందుకొచ్చి ముంగి వీపు నాకింది. విషం దిగిపోయింది.

జంటలుగా ఆడేటప్పుడు తోటి మృగానికి మందు వేసే విద్య అది. శత్రువుకు మందు వేయాలని ఎవరికి తడుతుంది? బాధ పోయింది, వేగం ఆగింది. ముంగి మళ్ళీ మామూలు నిదానపు ముంగి అయిపోయింది. ఎద్దు నిమ్మళంగా కుమ్మి పడేసింది.

సుప్రియ తలపట్టుకుంది. లింగయ్య మాత్రం తొడ చరిచి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"మందేసిండే! పగోనికి మందేసి చంపిండే! ఓ డాక్టర్ సాబ్, ఏం తల అయ్యా నీది!"

అంబరీశ్ సిగ్గుపడుతూ వచ్చి ఆయన కాళ్ళకు దండం పెట్టబోయాడు. "మీరే చెప్పినట్లాయ్తు అంకల్. అంత గట్టిగ చెప్పకపోతే నాకు తెలుస్తుండలేదు" అన్నాడు తన కన్నడం కలిసిన తెలుగులో.

రెండో బహుమతిగా ఇచ్చిన స్పీకరు పెట్టెను నేను మోశాను. బస్టాండులో రాయచూరు బస్సు వచ్చి నిలబడింది. లింగయ్య, ఉమారాణి, సుప్రియ ముగ్గురూ మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఒక ఫోను మీదికి వంగి ఉన్నారు.

"మందు వెయ్యకుండా నోరు కట్టేసే విద్య ఏదైనా ఉందా చూడమ్మాయ్" అంటోంది ఉమారాణి.

"ఉన్నది అత్తా. కానీ డాలు తియ్యాలె."

"డాలు తీస్తే మొదటి దెబ్బకే పోతది కదనే!" అన్నాడు లింగయ్య.

బస్సు వెళ్ళిపోతోందని నేను కేక వేశాను. ఎవరూ తలెత్తలేదు. మేం తర్వాతి బస్సులో వెళ్ళాం.

లింగయ్య మళ్ళీ డ్యూటీలో చేరాడు. ఉమారాణి వారానికోసారి కొత్త నాలుగు ఎత్తులు పంపేది, ఈయన భోజనాల వేళ వాటిని పరీక్షించేవాడు. అంబరీశ్ కూడా వాళ్ళలో కలిసిపోయాడు. సింధనూరు ఆట వీడియో ఎవరో నెట్‌లో పెట్టారట, ఎక్కడెక్కడివాళ్ళో చూశారట. ఆ సంగతి లింగయ్యకు తెలియదు.

ఉగాది దగ్గరపడిన రోజుల్లో ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆయన పక్కనే కూర్చుని అన్నం తింటున్నాను. ఆయన ఆ రోజు సరదాకు వేరే మృగాన్ని దింపాడు. ఎదుటివాడు ఒరిస్సా నుంచట. బరిలోకి వచ్చింది నివురుముంగి. నోట చేదుపండు. డాలు, బూడిద, గోటిగీటు, ఆ మీద మెరుపుదెబ్బ, అదే వరుస. లింగయ్య మృగం కుప్పకూలింది.

ఎంగిలి చెయ్యి గాల్లోకి లేపి, క్యాంటీన్ మొత్తం తిరిగి చూసేలా కేక పెట్టాడు.

"సార్! మన ముంగి సార్! మన ముంగే నన్ను కొట్టింది!"