ముందు వరుసలో కూర్చున్న తాతమ్మ

ఆ రోజుల్లో కెనడాలోని స్కార్‌బరోలో ఏ బస్సెక్కినా మన తెలుగు పిల్లలే. అందరివీ ఒకే రకం నల్ల జాకెట్లు, అందరం ఏదో ఒక డిప్లొమా చేస్తూ కాఫీలు పోస్తున్నవాళ్ళమే. ఆ గుంపులో నాకంటూ ఏ ప్రత్యేకతా లేదని నాకు మహా మంటగా ఉండేది. అందుకే చర్చిలో ఎవరు పలకరించినా మా తాతమ్మ సంగతి ఎత్తేదాన్ని. మా అమ్మమ్మను కన్న తల్లి ఆవిడ; మా వంశంలో మొట్టమొదట అక్షరం నేర్చిన ఆడమనిషి. కెనడా నుంచి వచ్చిన దొరసానుల దగ్గర బైబిలు స్త్రీగా చేరి, కాలినడకన ఊరూరూ తిరిగి ఆడవాళ్ళకు చదివి వినిపించేదట. నేనేమో కాలేజీకి రెండు బస్సులు మారాలంటేనే ఏడ్చేదాన్ని. గొప్పలకు మాత్రం ఆవిడ కాళ్ళు వాడుకునేదాన్ని.

అమ్మమ్మకు ఆవిడ మొహం తెలియదు. మా పాత బైబిలు మొదటి పేజీలో అమ్మమ్మ పుట్టుక ఒక వరుసలో రాసి ఉంటే, దాని కింద వరుసలోనే తల్లి మరణం ఉంది. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. నేను కెనడా బయల్దేరుతుంటే అందరూ పచ్చళ్ళు కట్టారు. అమ్మమ్మ మాత్రం, దొరసానుల కాగితాలన్నీ అక్కడే ఉంటాయట, మా అమ్మ ఫోటో ఏమైనా ఉందేమో చూడవే అంది. ఎనభై దాటిన మనిషి నన్ను అడిగింది అదొక్కటే.

వెతికాను. మిషనరీల పాత కాగితాలు దాచిన ఒక లైబ్రరీలో, మా ఊరి పేరున్న అట్టపెట్టెలో, బైబిలు స్త్రీల గ్రూప్ ఫోటో దొరికింది. ఫోటో వెనకవైపు వరుసలవారీగా పేర్లు రాసి ఉన్నాయి. తాతమ్మ బాప్తిస్మం పేరు ముందు వరుసలో మూడోది. తిప్పి చూస్తే గంజిపెట్టిన తెల్లచీరలో, ఒళ్ళో పుస్తకంతో మహారాణిలా కూర్చుని ఉంది. ముక్కు అచ్చం నాదే అనుకున్నాను. ఆ మొహం వరకూ క్రాప్ చేసి అమ్మమ్మకు పంపేశాను. ఆవిడ పటం కట్టించి, మంచానికి ఎదురుగా గోడకు పెట్టించుకుని, రోజూ పొద్దున్నే దానితో మాట్లాడుతోందని అమ్మ చెప్పింది. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర ఫోన్‌లో ఆ గ్రూప్ ఫోటో పెట్టుకుని బల్లబల్లకూ తిరిగాను. పక్క ఊరు ఏజాక్స్ నుంచి వచ్చే ఒక ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని చూసి, బిర్యానీ ప్లేటు పక్కన పెట్టింది.

"ఈవిడ మా తాతమ్మ కదమ్మా. ఈ ఫోటో మా హాల్లోనే ఉంటుంది. ఆ పేరుతో ఇద్దరున్నారు; మీ తాతమ్మ వెనక వరుసలో ఉంది చూడు."

ఆంటీ గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపేసింది. మా క్రైస్తవ కుటుంబాల్లో అందరికీ తెలిసిన విషయమే ఇది: బాప్తిస్మమప్పుడు ఆ నాలుగైదు పేర్లే ఊరంతటికీ పంచేవారు. ఫోటో వెనక కూడా ఆ పేరు రెండుసార్లు ఉంది. చూడలేదంటే అబద్ధం. చూశాను. వెనక వరుస చివర నిలబడ్డావిడ ఫోటో తీసేటప్పుడు కదిలింది; మొహమంతా అలికేసినట్టుంది. అలాంటి తాతమ్మను పట్టుకుని నేనేం కోతలు కోయను? అందుకే బట్టల షాపులో చీర ఏరుకున్నట్టు బాగున్నావిడను ఏరుకున్నాను.

వారం రోజులు నేను అమ్మమ్మ ఫోన్ ఎత్తలేదు. పరీక్షలన్నాను, షిఫ్టులన్నాను. అక్కడ ఆవిడ ఎవరి తల్లితోనో కష్టసుఖాలు చెప్పుకుంటోంది, నా నిర్వాకం వల్ల. చివరికి సిగ్గు విడిచి చెప్పేశాను. పటంలో ఉన్నది వేరేవాళ్ళ అమ్మ అనీ, రెండో పేరు చూసి కూడా నోరు మూసుకున్నాననీ, అసలావిడ మొహం ఏమీ కనబడదనీ చెప్పి ఏడ్చాను.

అమ్మమ్మ తిట్టలేదు. ఆవిడ కాళ్ళు కనబడుతున్నాయా అని అడిగింది. కనబడుతున్నాయి, చెప్పులు లేవు, చీర మోకాళ్ళ దాకా దుమ్మే అన్నాను.

"కదిలితే కదిలిందిలే. ఈవిడని కూడా గోడకే ఉండనీ, ఇన్నాళ్ళు నా సొదంతా విన్నది. మా అమ్మను మాత్రం కాళ్ళతో సహా పెద్దది చేయించి పంపు."