పేలిందా, పేల్చిందా

టేకులపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న పోలీస్ స్టేషన్లో సుజన రైటర్. వచ్చినవాళ్లు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టడం ఆమె పని. పుట్టింది పెనుబల్లి రైతు కుటుంబంలో. ఆరా తీసే గుణం మాత్రం పుట్టుకతోనే వచ్చింది. "మా మేడం ప్రశ్నలకు విసుగొచ్చే సగం మంది దొంగలు ఒప్పుకుంటరు" అని కానిస్టేబుల్ శ్రీనివాస్ నవ్వుతాడు. ఆమె ఉడుక్కోదు సరికదా, లోలోపల మురిసిపోతుంది. ఊరికే రాసుకుపోయేవాళ్లంటే ఆమెకు మా చెడ్డ చిరాకు.

మొన్న అక్టోబరులో తండా నుంచి రూప్లాను తీసుకొచ్చారు. అరవై ఏళ్ల మనిషి. ఆ పొద్దున మొక్కజొన్న చేలో అతని నాటు తుపాకి పేలి, పక్క చేను రెడ్యా భుజంలో గుండ్లు దిగాయి. రెడ్యా దవాఖానాలో ఉన్నాడు, ప్రాణానికి భయం లేదు. కానీ పదిహేను రోజుల కిందటే గట్టు తగాదాలో రూప్లా "నీ సంగతి చూస్త" అని పదిమందిలో అన్నాడు. ఇంకేముంది, ఎస్సై హత్యాయత్నం కేసు కట్టబోతున్నాడు.

సుజన కలం పట్టింది. రూప్లా తడుముకోకుండా చెప్పుకుపోయాడు.

"పందుల కోసం తుపాకిల మందు పోసిన. గుడ్డ కుక్కిన. గుండ్లు ఏసిన. చేన్ల ఏదో కదిలింది. పేల్చింది."

"పేలింది అని రాయండి మేడం," అన్నాడు శ్రీనివాస్. "తండా తెలుగు గట్లనే ఉంటది."

ఇంట్లో లంబాడీ మాట్లాడుకునే మనిషి తెలుగులో తప్పు పలకడం వింతేం కాదు. కానీ పోసిన, కుక్కిన, ఏసిన అని అన్నీ నిక్షేపంగా పలికినవాడు ఒక్క చోటే తప్పాడా? పేలింది అంటే తుపాకి తనంతట తాను పేలినట్టు. పేల్చింది అంటే ఎవరో ఆడమనిషి పేల్చినట్టు. సుజనకు ఇక మనసు నిలవలేదు.

"రూప్లా, పేలిందా, పేల్చిందా?"

అతను నేల చూపులు చూశాడు. "పేల్చిన. నేనే పేల్చిన."

వరండాలో అతని భార్య చాంది రొట్టెల మూటతో కూర్చుని ఉంది. సుజన అటు తిరిగి, "నువ్వా?" అని మాత్రం అడిగింది. చాంది లేచి లోపలికొచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"నేనే. పంది అనుకున్న." లంబాడీలో ఆమె అన్న మాటను తండాల్లో తిరిగి నేర్చుకున్న శ్రీనివాస్ తెలుగులో చెప్పాడు.

"దానికి తెలుగు రాదు మేడం, ఏందో అంటున్నది," రూప్లా కంగారుగా అడ్డొచ్చాడు. "నా పేరు రాయి."

సుజన అతన్ని కూర్చోబెట్టి నచ్చజెప్పింది. చాందికి రెడ్యాతో పగ లేదు. పొరపాటున కాల్చిందంటే హత్యాయత్నం పోతుంది, పదేళ్లు పడాల్సింది కొన్నాళ్లతో తీరుతుంది. లైసెన్సు లేని తుపాకి కేసు మాత్రం ఇద్దరికీ తప్పదు.

"పదేండ్లయినా నేనే పోత," అన్నాడు రూప్లా.

అడగకుండా ఉంటే పోయేదని సుజనకు మొట్టమొదటిసారి అనిపించింది. అయినా తెలిసి తెలిసి అబద్ధం రాయడం ఆమె వల్ల కాలేదు. పేల్చింది అనే రాసింది. ఎస్సై దవాఖానాకు ఫోన్ చేస్తే, చాందే చేతిలో తుపాకితో కేక వేస్తూ తన దగ్గరికి పరుగెత్తుకొచ్చిందని రెడ్యా కూడా చెప్పాడు. హత్యాయత్నం మాట పోయింది.

మధ్యాహ్నం కోర్టుకు తీసుకెళ్లే జీపు వచ్చింది. మహిళా కానిస్టేబుల్ చాందిని ముందు ఎక్కించింది. రూప్లా ఎక్కబోతూ ఆగి సుజన వైపు తిరిగాడు.

"నువ్వు అడిగేది అయిపోయిందా అమ్మా? నేనొకటి అడుగుత. ఆడోళ్ల జైల్ల మా భాష మాట్లాడేటోళ్లు ఉంటరా? దానికి మంచినీళ్లు అడుగుడు గూడ మీ తెలుగుల రాదు."

పదమూడేళ్లుగా ఎందరినో జైలుకు పంపే కాగితాలు రాసింది సుజన. ఆ సంగతి ఏనాడూ ఎవరినీ అడగలేదు.