మా ఇంటిల్లిపాదీ ఆడిన కంటి ఆట

మా పాపకి నాలుగేళ్ళప్పుడు దాని కుడి కన్ను కొంచెం ముక్కు వైపు తిరిగి ఉండటం నేను మొదట ఫొటోల్లో చూశాను. ఒక్క ఫొటో అయితే వెలుతురు అనుకునేదాన్ని. ఫోన్లో ఉన్న పుట్టినరోజు ఫొటోలన్నిట్లోనూ ఆ కన్ను అటే ఉంది. మా అత్తగారికి చూపించాను. ఆవిడ ఫోన్ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూసి, చాలా సంతోషించారు.

"మెల్లకన్నే! అదృష్టమే ఇది. మా పెద్దన్నకీ ఇలగే ఉండేది. ఆడికి రెండు లారీలు."

ఊరంతా లారీల మీదే బతికే మా సాలూరులో రెండు లారీలంటే ఎదురు చెప్పడానికి ఏమీ ఉండదు. లారీల బుకింగ్ ఆఫీసులో పనిచేసే మా ఆయనకి అసలే ఉండదు. నేను బీఎస్సీ చదివాను. అందులో కన్ను గురించి ఒక పాఠం కూడా ఉంది. అయినా ఇంటికి వచ్చిన అదృష్టాన్ని ఆసుపత్రికి ఎలా తీసుకెళ్ళాలో నాకు తెలియలేదు. ఆ విధంగా మా పాప రెండేళ్ళు అదృష్టవంతురాలిగా గడిపింది.

ఒకటో తరగతిలో బడికి కళ్ళ పరీక్ష చేసేవాళ్ళు వచ్చారు. ఎడమ కన్ను చేత్తో మూసుకుని గోడ మీది అక్షరాలు చదవమంటే, "ఏ అక్షరాలు?" అని అడిగిందట. వాళ్ళు ఒక చీటీ రాసిచ్చారు. ఆ చీటీ పట్టుకుని విజయనగరం వెళ్ళాం.

అక్కడి డాక్టరమ్మ పాపని చాలాసేపు చూశారు. కన్నులో లోపం పెద్దగా లేదనీ, మెదడు ఎడమ కన్నుతోనే పని కానిచ్చేసుకుంటూ కుడి కన్ను చెప్పేది వినడం మానేసిందనీ చెప్పారు. వినేలా చెయ్యాలట. చెయ్యకపోతే ఆ కన్ను అలాగే ఉండిపోతుందట.

"ఎంత టైముందండీ?" అని అడిగాను.

"ఏడెనిమిదేళ్ళు దాటితే కష్టమమ్మా. ఇప్పుడు ఆరు. టైముంది, మరీ ఎక్కువ లేదు."

కళ్ళజోడు ఇచ్చారు. రోజుకి రెండు గంటలు మంచి కన్నుకి పట్టీ అంటించి, బద్ధకపు కన్నుతో చూడనివ్వమన్నారు. మా అత్తగారికి ఈ వైద్యం అసలు నచ్చలేదు.

"బాగున్న కన్నుకి కట్టేటి? సెడ్డ కన్నుకి గదా మందెయ్యాలి! ఆ డాట్రమ్మ సరిగ్గా సూసిందా?"

నేను పట్టీ అంటించి వంటింట్లోకి వెళ్ళేలోపు ఆవిడ తీసేసేవారు. ఆవిడ తియ్యని రోజు పాపే తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించేది. మూడు నెలల తర్వాత ఫ్రిజ్ తలుపు మీద ఖాళీ లేదు. కుడి కన్నులో మార్పూ లేదు.

అప్పుడు డాక్టరమ్మ వీఆర్ హెడ్‌సెట్ ఒకటి ఇంటికి ఇచ్చారు. కళ్ళకి కట్టుకునే డబ్బా. దాంతో రోజుకి అరగంట గేమ్ ఆడించమని చీటీ మీద రాశారు. పుట్టినప్పటి నుంచి నేను పాపకి అన్నం తినేటప్పుడు కూడా ఫోన్ ఇవ్వలేదు. మా వీధిలో నాకు ఆ విషయంలో ఒక పేరుంది, మంచి పేరు కాదు. అలాంటిది మందుల చీటీ మీద వీడియో గేమ్ అని ఉంది.

"భోజనానికి ముందా, తర్వాతా?" అని అడిగాను.

"ఎప్పుడైనా ఫరవాలేదు. కుర్చీలో కూర్చోబెట్టి ఆడించండి. అరగంటే."

ఇలాంటి డబ్బాలు చిన్నపిల్లలు వాడకూడదని ఎక్కడో చదివానని చెప్పాను. అది సరదాకి ఆడేవాళ్ళకి చెప్పినదనీ, ఇది వైద్యం కోసం చేసినదనీ, తాను చూస్తూనే ఉంటాననీ ఆవిడ ఓపిగ్గా చెప్పారు. నేను అదే సంగతి ఇంకో రెండు రకాలుగా అడిగాను. ఆవిడ అదే జవాబు ఇంకో రెండు సార్లు చెప్పారు.

ఇంట్లో హెడ్‌సెట్‌ని చూసి అందరికన్నా సంబరపడింది మా మరిది. విశాఖపట్నం కంపెనీ పని ఇంట్లో కూర్చునే చేస్తాడు. కంప్యూటర్ సంగతులు మా ఇంట్లో అతనికి తెలిసినంత ఎవరికీ తెలియవు.

"వదినా, ఇంకో అయిదేళ్ళు సూడు. ఫోన్లో గేమ్ ఆడేవోడే ఉండడు. అందరూ లోపలికి ఎల్లిపోయి ఆడతారు."

"లోపలికేటిరా?" అన్నారు మా అత్తగారు.

"గేమ్ లోపలికే అమా. సుట్టూ అదే కనిపిస్తాది. ఇల్లు కనపడదు."

"ఎల్లినోలు బువ్వకి బయటికొస్తారేటి?"

అప్పటికే భోజనం వేళ అయింది, మరిది ఇంకా హెడ్‌సెట్ తియ్యలేదు.

ఆట చాలా చిన్నది. పై నుంచి యాపిల్ పళ్ళు రాలుతుంటాయి, బుట్టతో పట్టుకోవాలి. కిటుకంతా ఒకటే. పళ్ళు కుడి కన్నుకే కనిపిస్తాయి, బుట్ట ఎడమ కన్నుకే కనిపిస్తుంది. రెండు కళ్ళూ కలిసి పనిచేస్తే తప్ప పండు బుట్టలో పడదు. బద్ధకపు కన్నుని పనిలోకి దించడానికి ఎడమ కన్నుకి కనిపించే బొమ్మని మసకగా ఉంచుతారు. ఇదంతా డాక్టరమ్మ చెప్పారు. నేను ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. అందరూ అర్థమైందన్నారు.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. మా ఇంట్లో నలుగురు అష్టాచెమ్మా ఆడితే ఎనిమిది మంది ఆడినట్టు. పక్కన కూర్చున్నవాళ్ళు కాయ జరుపుతారు. జరపకుండా ఊరికే చూస్తే, ఏమైంది, ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. పిల్లల బడి పనులూ అంతే. పోయిన ఆగస్టులో జెండా బొమ్మ పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది, పాప పేరు మీద. మూడో బహుమతి మా వీధి చివరి ఇంట్లో ఒక నాన్నగారికి వచ్చింది.

మొదటివారం పాప ఆడుతుంటే లోపల ఏం కనిపిస్తోందో ఎవరికీ తెలిసేది కాదు. అది మా వాళ్ళు భరించలేకపోయారు. "ఏటి కనిపిస్తందే? ఇప్పుడేటి? పండొచ్చిందా?" అని ముగ్గురు మూడు వైపుల నుంచి అడిగేవారు. మరిది ఏదో చేసి లోపలి బొమ్మని టీవీలోకి తెచ్చాడు. అప్పటి నుంచి సుఖంగా ఉంది. పాప డబ్బాలో ఆడుతుంటే మేం టీవీ ముందు కూర్చుని ఆడేవాళ్ళం.

"ఎడం పక్కకి! ఎడం పక్కకే గుంటా! బేగి! అయ్యో, అటు కాదు!"

పాప కళ్ళతో పట్టలేని పండు మామ్మ గొంతు విని పట్టేది. స్కోరు పెరిగింది. అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను.

తర్వాత పాపకి మూడు రోజులు జ్వరం వచ్చింది. ఒక్కరోజు కూడా మానొద్దని చీటీ మీద ఉంది. మానితే డాక్టరమ్మ ఏమనుకుంటారోనని ఆ మూడు రోజులూ నేను ఆడాను. ఎంత ఆందోళనలో ఆడినా నాకు బాగానే వచ్చింది. నేను ఆడానని మిగతావాళ్ళకి చెప్పలేదు. వాళ్ళు ఆడుతున్నారని నాకూ చెప్పలేదు.

ఆరు వారాలకి పరీక్ష. మా ఆయనకి ఆఫీసు ఉండటంతో నేనూ, మా అత్తగారూ, పాపా బస్సులో వెళ్ళాం. డాక్టరమ్మ హెడ్‌సెట్ని తన కంప్యూటర్‌కి కలిపి లెక్క చూశారు. ముఖం వెలిగిపోయింది.

"పధ్నాలుగో మెట్టుకి వచ్చేసింది! ఇంత తొందరగా ఎవరూ రాలేదమ్మా."

మా అత్తగారు పైట సర్దుకున్నారు. నేను కూడా ఏదో సర్దుకున్నాను. పాపని కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ కన్ను మూసి, గోడ మీది తెలుగు అక్షరాలు చదవమన్నారు. పాప మొదటి వరుస చదివింది. రెండోది చదివింది. మూడో వరుస దగ్గర ఆగిపోయింది. నాలుగున్నర నెలల కిందట ఆగింది కూడా అక్కడే.

డాక్టరమ్మ అద్దాలు మార్చి మళ్ళీ చదివించారు. మళ్ళీ అక్కడే. ఆవిడ వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తెర మీద వేలు పెట్టి అడిగారు.

"మంగళవారం పదకొండు గంటలకి ఆడింది. బడి లేదా?"

నేను అత్తగారి వైపు చూశాను.

"అది నానేనమ్మా," అన్నారు మా అత్తగారు. "పిల్ల బడికెల్తాది గదా. డబ్బా కాళీగా పడున్నాది."

"గురువారం పదకొండుకి?"

"అదీ నానే."

"ఆదివారం పొద్దున్న గంటన్నర ఉంది."

"అది మా పెద్దోడు. ఆదారం ఆడికి సెలవు."

"ఈ పెద్ద స్కోరు?"

"సిన్నోడిది," అన్నారు. ఆ గొంతులో కాస్త గర్వం ఉంది.

జ్వరం వచ్చిన మూడు రోజులవి నావని నేను చెప్పాను. డాక్టరమ్మ మమ్మల్నందర్నీ వదిలేసి పాప వైపు తిరిగారు.

"నువ్వొక్కదానివే ఎప్పుడు ఆడావమ్మా?"

పాప ఆలోచించింది. "బుధవారం," అంది.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ ఆటకి ఆడేది ఎవరో తెలియదనీ, స్కోరు పెరిగిన కొద్దీ కుడి కన్ను బాగుపడుతోందని అనుకుని ఎడమ కన్ను బొమ్మని మామూలుగా చేసేస్తుందనీ, పళ్ళు కూడా రెండు కళ్ళకీ చూపించేస్తుందనీ చెప్పారు. అంటే మేం గెలిచిన కొద్దీ పాప మంచి కన్నుతోనే ఆడుతూ వచ్చింది. కుడి కన్ను విశ్రాంతి తీసుకుంది.

"ఆరు వారాలు పోయాయి," అన్నారు డాక్టరమ్మ. "ఇది పరీక్ష కాదమ్మా. మార్కులు ఎవరూ వెయ్యరు. తక్కువ వస్తే తక్కువే రావాలి. అప్పుడే నాకు ఆ కన్ను సంగతి తెలుస్తుంది." ఆటని మొదటి మెట్టుకి తెచ్చి ఇచ్చారు.

తిరుగు బస్సులో పాప నిద్రపోయింది. రామభద్రపురం దాటాక మా అత్తగారు నెమ్మదిగా అడిగారు.

"పిల్ల ఓడిపోతా ఉంటే సూస్తా కూర్సోమంటాదేటి ఆ డాట్రమ్మ?"

"అవునత్తా. అలాగే కూర్చోమంది."

"ఎలగే?"

నాకూ తెలియదని చెప్పాను.

టీవీకి కలిపింది తీసెయ్యమంటే మరిది బాధపడ్డాడు. "పదిమందీ సూస్తేనే గదా వదినా గేమ్."

"అందరూ లోపలికి ఎల్లిపోతారని నువ్వే గదా అన్నావు."

"అందరం కలిసి ఎల్తామనుకున్నాను," అన్నాడు.

ముందుముందు గేములన్నీ ఇలాగే అవుతాయా అని అతను ఇప్పటికీ నన్ను అడుగుతుంటాడు. నాకు గేముల సంగతి తెలియదు. లోపలి బొమ్మలు ఎంత బాగుంటాయో, ఎంతమంది కొంటారో కూడా తెలియదు. ఒకటి మాత్రం తెలిసింది. వెనక నిలబడి కాయ జరపడానికి వీల్లేని ఆట మా ఇంట్లోకి రావడం అదే మొదటిసారి. దాన్ని మేం ఆరు వారాల్లో అష్టాచెమ్మాగా మార్చేశాం. గేములు తయారుచేసేవాళ్ళు మమ్మల్ని కూడా లెక్కలోకి తీసుకుంటే మంచిది.

మర్నాడు సాయంత్రం పాప ఒక్కతే ఆడింది. నేను ఎదురుగా కూర్చున్నాను. మా అత్తగారు గుమ్మం దగ్గర చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నారు. పాప చెయ్యి గాలిలో అటూ ఇటూ వెతికింది. ముఖం చిట్లించింది.

"అమ్మా, పళ్ళు కనబడట్లేదు."

"కనబడే వరకూ చూడు," అన్నాను. ఆరేళ్ళలో దానితో అంత కఠినంగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

"మామ్మా, ఎటేపుంది? సెప్పవా?"

మా అత్తగారు లేచి చింతపండు పళ్ళెంతో సహా పెరట్లోకి వెళ్ళిపోయారు. అరగంటకి పదకొండు పళ్ళు పడ్డాయి. పాప డబ్బా తీసి ఏడ్చింది. రెండో రోజు తొమ్మిదే. ఆ వారమంతా మా అత్తగారు సరిగ్గా ఆ అరగంటలోనే పక్కింటికి వెళ్ళి కూర్చున్నారు. ఏమమ్మా, ఇంట్లో ఏమైనా గొడవా అని పక్కింటావిడ నన్ను అడిగారు కూడా.

ఇంకో ఆరు వారాలయ్యాక, పోయిన వారం మళ్ళీ పరీక్షకి వెళ్ళాం. పాప మూడో వరుస ఆగి ఆగి చదివింది. తర్వాత నాలుగో వరుస. మొదటి అక్షరం 'గ' అంది. సరే. రెండోది 'ర' అంది. సరే. మూడో అక్షరం 'ప'. పాప మెడ ముందుకు చాచి, కుడి కన్ను చిన్నది చేసి చూసింది. నా పక్కన మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆవిడ అయిదో తరగతి దాకా చదివారు, 'ప' బాగా వచ్చు.

"వ," అంది పాప.

మేమిద్దరం ఏమీ అనలేదు. డాక్టరమ్మ కాగితం మీద నాలుగో వరుసకి రెండు అని రాసుకున్నారు.